ఫామ్‌హౌస్‌లో కుంకుడు వ్రతం

మొయినాబాద్ దాటి చేవెళ్ల దిక్కు పోతుంటే బీజాపూర్ రోడ్డు మర్రిచెట్ల వెనక ఈమధ్య కొత్త మతమొకటి వెలిసింది. పేరు నేచురల్ లాండ్రీ. శనివారం సాయంత్రం కారు దిగే వీకెండ్ రైతు ముందుగా చూసేది మడిని కాదు, వాషింగ్ మెషీన్‌ను. అందులో సర్ఫ్ పడితే మహాపాపం. చిన్న నూలు సంచిలో నాలుగు కుంకుడు తొక్కలు వేసి, చిలుకూరు బాలాజీకి 108 ప్రదక్షిణలు చేసినంత భక్తితో బటన్ నొక్కుతాడు. డ్రమ్ము గిర్రున తిరుగుతుంది. భూమాత బతికిపోతుంది.

ఇంతకీ ఆ తొక్కలు ఎక్కడివి? ఆన్‌లైన్‌లో తెప్పించినవి. ప్లాస్టిక్ కవరులో అట్టపెట్టె, అట్టపెట్టెలో పౌచ్, పౌచ్ మీద పచ్చటి ఆకు బొమ్మ, దాని కింద ‘జీరో వేస్ట్’ అనే అభయం. ప్రహరీ అవతల ఊళ్లో కుంకుడు చెట్టు కింద కాయలు రాలిపడి ఉన్నా వంగి ఏరుకునే ఓపిక ఉండదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని పెద్దలు ఊరికే అన్నారా!

కుంకుడుకాయ మీద నాకేం కోపం లేదు. రాయితో చితక్కొట్టి, నల్లగింజ ఏరేసి, తొక్కల్ని వేణ్ణీళ్లలో నానబెట్టి పిసికితే దిగే రసం పట్టుచీర రంగు చెడగొట్టకుండా మురికి తీస్తుంది. బోరునీళ్లలో సబ్బు విరిగి తెట్టు కడుతుంది, కుంకుడుకు ఆ బెడద లేదు. అయితే అవ్వలు దాన్ని పట్టుకూ తలకూ నగలకూ వాడారు తప్ప జిడ్డోడుతున్న మసిగుడ్డలకు కాదు. వాటికి చౌడుమట్టి ఉండేది, చాకలి సోడా ఉండేది, ఉబ్బకు పెట్టే బాన ఉండేది, అన్నిటికీ మించి రేవుబండ దగ్గర రజకుల రెక్కల కష్టం ఉండేది. రెక్కల కష్టాన్ని పౌచ్‌లో పోసి అమ్మలేరు కాబట్టి ప్రకటనల్లో దాని ఊసే రాదు.

ఇక ఆ ప్రకటనల్లోని ‘విషం లేనిది’ అన్న మాట సంగతి. కుంకుడు నురగ సాపోనిన్ల చలవ. అవే నీళ్లలో మోతాదు మించితే చేపల మొప్పలు పాడుచేస్తాయి. కుంకుడుకాయలు దంచి మడుగులో కలిపి, సొమ్మసిల్లి తేలిన చేపల్ని పట్టుకునే పద్ధతి మన దేశంలో ఎప్పటినుంచో ఉంది. నాలుగు తొక్కలకే గండిపేట చేపలు తేలిపోతాయని బెదిరించను. ఆ కాస్త నురగను మట్టిలోని సూక్ష్మజీవులే తినేస్తాయి. కానీ చెట్టున కాసింది గనక చెడ్డది కాదనే వాదం మాత్రం నిలవదు. గన్నేరు కూడా ప్రకృతి ప్రసాదమే, ఎవరూ చాయ్‌లో వేసుకోరు.

సహజమైనదైతే హాని లేనట్టేనా అన్న తగాదా ఈ ప్రాంతానికి కొత్తది కాదు. 1908 మూసీ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్ (గండిపేట), హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టించారు. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయింది. వాటిలోకి మురికి దిగకూడదని 1996లో జీవో 111 తెచ్చి, మొయినాబాద్, చేవెళ్ల ఊళ్లతో సహా 84 గ్రామాల్లో ఆంక్షలు పెట్టారు. శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఆముదం ఉత్పత్తుల ఫ్యాక్టరీ ఒకటి మినహాయింపు కోరితే సుప్రీంకోర్టు 2000లో కుదరదంది. ఆముదానికి మించిన సహజమైన సరుకేముంది? కోర్టు మాత్రం గింజ ఏ చెట్టుదని చూడలేదు, వ్యర్థం ఏ నీళ్లలో కలుస్తుందో చూసింది. హాని లేదని నిరూపించే బాధ్యత కూడా పరిశ్రమదేనంది.

ఆ లెక్కన మన కుంకుడు భక్తుణ్ని కూడా ఒక మాట అడగాలి. అయ్యా, నూలు సంచి బాగుంది. స్విమ్మింగ్ పూల్ కడిగిన క్లోరిన్ నీళ్లు ఎటు పోతున్నాయి? లాన్‌కు చల్లిన మందు వానకు కొట్టుకుపోయి ఏ వాగులో కలుస్తోంది? పార్టీకి వచ్చిన అరవై మంది వాడిన బాత్రూముల సంగతేమిటి? పదేళ్లుగా మూత తీయని సెప్టిక్ ట్యాంకును కూడా నాలుగు తొక్కలే చూసుకుంటాయా? 2022 ఏప్రిల్‌లో జీవో 69 వచ్చి ఆంక్షలు పోతున్నాయనగానే, జలాశయాల గురించి అడగకుండా ఎకరం రేటు ఎంతకు పోయిందని బ్రోకర్‌కు ఫోన్ చేసింది ఈ భక్తులే కదా!

చొక్కాకు కుంకుడు, చెరువుకు మురుగు. ఇదీ వ్రత విధానం. ఒంటికి తగిలేది పవిత్రంగా ఉంటే చాలు, కింది ఊరి వాళ్లు తాగేది ఎలా ఉన్నా ఫర్వాలేదు. దానికి పర్యావరణ ప్రేమ అని పేరు పెట్టుకుని ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో కూడా పెడతారు.

కాబట్టి స్వామీ, పౌచ్ మీద ఆకు బొమ్మ చూపించకండి. గోడ కింద గొట్టం చూపించండి. అందులోంచి వచ్చే నీళ్లు మీ మామిడితోటకే పారుతుంటే, ఏడాదికి సరిపడా కుంకుడుకాయలు నేనే కొనిపెడతా. చితక్కొట్టడం మాత్రం మీ వంతు.