అప్‌గ్రేడ్ అయ్యారా మాస్టారూ?

పెళ్లి పందిట్లో ఎదురుపడినా ఈ మధ్య మా వెబ్ డిజైన్ కుర్రాళ్ల పలకరింపు ఇదే. కాలేదు నాయనా. వాక్యం టైపు చేస్తే వెబ్‌సైట్ ఊడిపడుతుందని కంపెనీలన్నీ పోటీపడి ప్రకటించాయి, చూశాను. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల ముందు నిన్నటిదాకా ‘ఫుల్ స్టాక్’ అని వేలాడిన ఫ్లెక్సీల చోట ఇవాళ ‘ప్రాంప్ట్’ అని వేలాడుతోంది, అదీ చూశాను. నేను చూసి తట్టుకోలేకపోతున్నది ఆ కాఫీ షాపు ఒక్కదాన్నే.

ఏ డెమో తెరిచినా అదే కాఫీ షాపు. నల్ల టీషర్టు తొడుక్కున్నాయన స్టేజీ ఎక్కుతాడు. “నా కాఫీ షాపుకి ఆహ్లాదంగా ఉండే సైటు కావాలి” అని టైపు చేస్తాడు. తెర మీద ఊదారంగు వెలుగు, వెలుగులో ఓ కప్పు, కప్పు కింద గుండ్రటి అంచుల డబ్బాలు మూడు. చప్పట్లు!

ఆలు లేదు, చూలు లేదు, ఆ షాపుకి మాత్రం సైటు తయారు. దానికి ఓనరు లేడు. అద్దె బాకీ లేదు. వాటా కోసం కొట్లాడే బావమరిది లేడు. అర్ధరాత్రి వాట్సాప్‌లో “లోగో ఇంకొంచెం పెద్దది చెయ్యండి, మా ఆవిడకి ఆనలేదు” అనే మనిషి అసలే లేడు. అలాంటి కస్టమరు దొరికితే నేను పలకా బలపంతోనైనా సైటు చేసిపెడతాను.

అన్నట్టు, ఆ మూడు డబ్బాల్లో మూడోదాంట్లో ఏం రాయాలో ఇప్పటికీ ఎవరికీ తెలీదు. అందుకే ‘నాణ్యత’ అని రాస్తారు.

నా గుమ్మం తొక్కేది కాఫీ షాపు కాదు, ఇంజనీరింగ్ కాలేజీ. వాళ్లకి కావాల్సింది ఛైర్మన్ గారి ఫొటో, దానికంటే అంగుళం చిన్నగా కరస్పాండెంట్ గారి ఫొటో, ప్రిన్సిపాల్ గారు ఎన్నడూ చదవని ప్రిన్సిపాల్ గారి సందేశం, అన్నిటికీ పైన కుడి నుంచి ఎడమకి పరిగెత్తే ‘అడ్మిషన్లు జరుగుతున్నాయి’. ఆ లైనుని పరిగెత్తించే మార్క్యూ ట్యాగు వాడొద్దని హెచ్‌టీఎంఎల్ ప్రమాణాలు ఏనాడో చెప్పేశాయి. బ్రౌజర్లు దాన్ని ఇప్పటికీ పరిగెత్తిస్తూనే ఉన్నాయి. పోయినవల్లా మనల్ని అప్‌గ్రేడ్ కమ్మని తొందరపెట్టిన సాఫ్ట్‌వేర్లే. ఫ్రంట్‌పేజ్ 2006లో పోయింది. గోలైవ్ 2008లో. ఫ్లాష్ 2020 డిసెంబరు 31న. కోడు ముట్టుకోకుండానే సైటు కట్టుకోవచ్చని ఊరించిన అడోబీ మ్యూజ్‌ని ఆపేస్తున్నట్టు 2018లో చెప్పి, 2020 మార్చితో సపోర్టుకి కూడా నీళ్లొదిలారు. ఇప్పుడు మళ్లీ అదే ఊరింపు, ముందు ‘ఏఐ’ తగిలించి.

ఇక డబ్బు. ఇకమీదట కొత్త వెర్షన్లు అమ్మం, అద్దెకిస్తాం అని ఫొటోషాప్ తయారుచేసే అడోబీ 2013 మేలో తేల్చేసింది. సొంతానికి కొనుక్కోగలిగిన ఆఖరి సూట్ సీఎస్6. అప్పటి నుంచీ అప్‌గ్రేడ్ కావాలా వద్దా అన్నది మన నిర్ణయమే కాదు. నెల తిరిగేసరికి కార్డు మీద డబ్బు కోసుకుంటారు, మెనూలు ఎక్కడివక్కడ లేకుండా చేస్తారు, దాన్ని పురోగతి అనుకోమంటారు. కట్టడం మానేస్తే నా ఫైళ్లు నా డిస్కులోనే ఉంటాయి, తెరిచే సాధనమే ఉండదు. ఏడాది ఒప్పందం మధ్యలో వదిలేస్తే రద్దు రుసుం. ఆ రుసుం సంగతి జనానికి కనపడకుండా దాచారంటూ 2024 జూన్‌లో అమెరికా ప్రభుత్వమే కోర్టుకెక్కింది. మరి ఇదే కంపెనీ పోటీ డిజైన్ సాధనం ఫిగ్మాని 2,000 కోట్ల డాలర్లకు కొనబోయి, యూరప్, బ్రిటన్ నియంత్రణ సంస్థలు అడ్డం తిరిగితే, 2023 డిసెంబరులో బేరం మానుకుని ఫిగ్మాకి 100 కోట్ల డాలర్ల రద్దు రుసుం చెల్లించుకుంది. ఆ రాత్రి నేను సుఖంగా నిద్రపోయాను.

తెలుగు సంగతికొస్తే నాకు నవ్వు రాదు. ఫొటోషాప్‌లో తెలుగు సరిగ్గా పడాలంటే ఏళ్ల తరబడి ప్రిఫరెన్సెస్ లోతుల్లోకి దిగి ‘మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్’ అన్నదాన్ని వెతికి నొక్కాల్సి వచ్చింది. అది తెలియక ఒత్తులు విడిపోయిన బ్యానర్లు ఎన్ని చూశాం! ఇప్పటి రెడీమేడ్ డిజైన్లూ ఇంగ్లీషు అక్షరం ఎత్తు చూసుకునే వరుసల మధ్య ఖాళీ వదులుతాయి. ‘రాష్ట్రం’ అని రాసి చూడండి. ఒత్తులు వెళ్లి కింది వరుస నెత్తిన కూర్చుంటాయి, డబ్బా అంచున పడితే తెగిపోతాయి. 2011 జనగణన ప్రకారం 8 కోట్ల మందికి పైగా మాతృభాష ఇది. ఫాంట్లు లేవా? సిలికానాంధ్ర సంస్థ చేయించినవే గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. ఒత్తు తెగిందో లేదో చూడటానికి ఒక్క మనిషిని కూర్చోబెట్టడం మీకు చేతకాదు గానీ, ఆ కాఫీ షాపు ఆహ్లాదం మీకెందుకయ్యా?

కూతురి సీటు కోసం చవక ఫోనులో, పడుతూ లేస్తూ వచ్చే సిగ్నల్లో కాలేజీ సైటు తెరిచే తండ్రికి ఆ ఊదారంగు వెలుగు దేనికి? ఫీజెంత, హాస్టలుందా, ఎవరికి ఫోన్ చెయ్యాలి. ఈ మూడూ ముందే కనపడాలి. ఏ కొత్త వెర్షనూ నన్ను ఈ మూడూ అడగలేదు.

ఈలోగా కాలేజీ నుంచి కబురొచ్చింది. కరస్పాండెంట్ గారు అలిగారట, ఆయన ఫొటో కూడా ఛైర్మన్ గారిదంత చెయ్యాలట. దానికి పాత వెర్షను చాలు.