వచ్చేవీ పోయేవీ

ఉగాదికి నాలుగు రోజుల ముందు మా బావమరిది హైదరాబాదు నుంచి ఫోన్ చేశాడు. "బావగారూ, ఎలాగూ ఒంటిపూట బడులే కదా, పిల్లల్ని ఓ వారం మానిపించేసి వస్తున్నాం. వైజాగ్‌లో చూడాల్సినవన్నీ ఓ కాగితం మీద రాసి ఉంచండి" అన్నాడు. ముప్పై ఏళ్లుగా ఎంవీపీ కాలనీలో కాపురం ఉంటున్నవాణ్ణి, ఇదో పనా అనుకుని కాగితం ముందేసుకు కూర్చున్నాను.

కూర్చున్నాక తెలిసింది, ఈ ఊళ్లో నేనంటూ ఏమీ చూడలేదని. కురుసుర జలాంతర్గామిలోకి ఏడుసార్లు వెళ్లాను గానీ ఏడుసార్లూ చుట్టాల వెనకే. కైలాసగిరి చుట్టాలతో, జూపార్కు చుట్టాలతో, బొర్రా గుహలు చుట్టాల చుట్టాలతో. చుట్టాలు రాని ఆదివారాల్లో వైజాగ్ మనిషి చేసే పని ఒక్కటే. సముద్రం ఎక్కడికీ పోదులే అన్న ధీమాతో భోంచేసి పడుకుంటాడు.

చివరికి కాగితం మధ్యలో గీత గీసి ఒకపక్క 'వచ్చేవి', రెండోపక్క 'పోయేవి' అని రాసుకున్నాను. రెండు పక్కలూ ఇట్టే నిండాయి. ఉన్నవి రాయడానికి వెనక్కి తిప్పాల్సొచ్చింది.

పండగ రోజు పొద్దున్నే దిగారు. పచ్చడి తిని, సాయంత్రం గుళ్లో పంచాంగం విన్నాం. ఈ ఏడాది పేరు పరాభవ అనగానే మా బావమరిది మొహంలో రంగు మారింది. నాకేమీ అనిపించలేదు. మనుషులకిచ్చినట్టు ఊళ్లకీ ఆదాయ వ్యయాలు చెప్పే పద్ధతుంటే మా ఊరికి ఏటా ఒకటే ఫలితం: ఆదాయం ఒప్పంద పత్రాల్లో, వ్యయం శిలాఫలకాల్లో.

మర్నాడు బయల్దేరదీస్తే ఆయన అడిగిన మొదటి మాట, "మెట్రో ఎక్కడెక్కాలి?" 2017 నుంచీ మెట్రోలో తిరుగుతున్నవాడు కదా, అలవాటు. ఆటో పిలిచాను. మద్దిలపాలెం దగ్గర సిగ్నల్ పడితే డ్రైవరే వెనక్కి తిరిగి చూపించాడు. "అదిగోండి బాబూ, కింద మనం ఎల్తాం, దాని మీద ఫ్లైఓవరు ఎల్తాది, ఆ పైన మెట్రో ఎల్తాది." పిల్లలు ముగ్గురూ తలలు బయటపెట్టి పైకి చూశారు. ఒక గద్ద ఎల్తోంది. మా బావమరిది దాన్నే ఫొటో తీసుకున్నాడు.

వైజాగ్ చూసేవాళ్లకి గైడు పుస్తకం కావాలని నన్నడిగితే ఒకటే చెబుతాను: 2014 విభజన చట్టం, 13వ షెడ్యూలు. మెట్రో అందులో ఉంది. రైల్వే జోనూ ఉంది. రెంటికీ 'పరిశీలించాలి' అనే రాశారు. ఆ పరిశీలన ఎంత శ్రద్ధగా సాగిందంటే, జోన్ ఇస్తున్నామని 2019 ఫిబ్రవరిలో చెప్పి, ఆఫీసుకి 2025 జనవరిలో శంకుస్థాపన చేశారు. భోగాపురం విమానాశ్రయం షెడ్యూల్ని నమ్ముకోకుండా తన దారిన తాను వచ్చింది గనక దానికి రెండు శంకుస్థాపనలు దక్కాయి. 2019లో ఒక ముఖ్యమంత్రి, 2023లో ఇంకో ముఖ్యమంత్రి. ఒక్క రాయి మీద లేచిన కట్టడానికి పాపం ఆ బలం ఎక్కడిది? ఇప్పుడు కొత్తగా గూగుల్ డేటా సెంటర్, 1500 కోట్ల డాలర్లట. "చూద్దామా?" అన్నాడు మా బావమరిది. అది రాబోయే తర్లువాడ దాకా ఎండలో తీసుకెళ్లి ఏం చూపించను? 'వచ్చేవి' వరసలో రాసి, కాగితం చూపించాను.

బీచ్‌కి మాత్రం నడిచే వెళ్లాం. కురుసుర 1969లో నౌకాదళంలో చేరి, 71 యుద్ధం చూసి, 31 ఏళ్లు నీళ్ల కింద తిరిగి 2001లో రిటైరైంది. మరుసటి ఏడాదే ఒడ్డు మీద పెట్టారు. నీళ్లలో మునగడానికి పుట్టిన వస్తువు ఇసుక మీద ఇన్నేళ్లుగా అంగుళం కదల్లేదు, హుద్‌హుద్ తుపాను వచ్చినా కదల్లేదు. మరి నీళ్ల మీద తేలడానికి పుట్టింది? అదీ ఇదే ఒడ్డున ఉండేది. 2024 ఫిబ్రవరి 25న తేలే వంతెన అని ఆర్భాటంగా ప్రారంభించారు. 26న దాని కొస విడిపోయి సముద్రంలోకి వెళ్లిపోయింది. అదృష్టం, ఆ సమయానికి దాని మీద సందర్శకులెవరూ లేరు. కంగారుపడకండి, మేమే విడదీశాం, అది మాక్ డ్రిల్ అని అధికారులు వివరణిచ్చారు.

ఆ మాట మా ఊరికి చేసిన మేలు ఇంతా అంతా కాదు. మా ఇంట్లో పప్పు మాడితే మాక్ డ్రిల్. మా వాడు లెక్కల్లో తప్పితే మాక్ డ్రిల్. పక్కింటాయన కొత్త కారుతో గేటుని గుద్దినప్పుడు మేం పరామర్శకి వెళ్తే, మేం నోరు విప్పకముందే ఆయనే అన్నాడు.

కైలాసగిరి మీద 55 మీటర్ల గాజు వంతెన ఉందని తెలిసినా మా బావమరిది ఎందుకో ఎక్కనన్నాడు. కింద కథ చెప్పి తప్పు చేశాను. బొమ్మ రైలెక్కించి దించేశాను.

రుషికొండలో పిల్లలకి కొత్త ఆట దొరికింది. నా కాగితం లాక్కుని, కనిపించినదాన్నల్లా "మామయ్యా, ఇది వచ్చేదా, పోయేదా?" అని అడగడం. బీచ్‌లో నీలిజెండా చూసి అడిగారు. 2020లో వచ్చింది, 2025లో పోయింది, ఆ వెంటనే మళ్లీ వచ్చింది, రెండు వరసల్లోనూ రాసుకోండన్నాను. కొండ మీద భవనాలు చూసి అడిగారు. కట్టినవాళ్లు అవి పర్యాటకుల కోసమన్నారు, తర్వాత వచ్చినవాళ్లు ప్యాలెస్ అన్నారు. ఎవరి మాట ఎలా ఉన్నా, పర్యాటకులం అక్కడే ఉన్నాం, కింద, ఇసుకలో, మెడలు పైకెత్తి. కొండకి మాత్రం గుండు ముందే అయిపోయింది. తలనీలాలు మళ్లీ మొలుస్తాయి, కొండలు మొలవవు.

ఇంక స్టీల్ ప్లాంటు. దీని దగ్గర నాకు హాస్యం సరిగ్గా రాదు. కూర్మన్నపాలెం దాకా వెళ్లి గేటు బయటి నుంచే చూపించాను. పరాభవ అంటే అరవై ఏళ్లకోసారి వచ్చేది. పోయినసారి వచ్చింది 1966లో. 'విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు' అని రాష్ట్రమంతా రోడ్డెక్కింది ఆ ఏడాదే. 32 మంది ప్రాణాలు పోయాయి. 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు, 1992లో పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. రాయికీ ఉక్కుకీ మధ్య 21 ఏళ్లు. మెట్రో గురించి నేనింకా ఆశ వదులుకోకపోవడానికి కారణం ఈ లెక్కే. ఇంత కష్టపడి 'వచ్చేవి' వరస దాటుకొచ్చిన ప్లాంటు, 2021 జనవరిలో కేంద్రం ఒక్క నిర్ణయంతో 'పోయేవి' వరసలో చేరింది. 2025 జనవరిలో మళ్లీ కేంద్రమే 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. పెద్దమేనల్లుడు కాగితం పట్టుకుని నా మొహం చూశాడు. ఎటు రాయమన్నా తప్పే. టీ తాగుతున్న ఒక రిటైర్డ్ కార్మికుణ్ణి అడిగాను, "ఏటంటారు, ఆగినట్టేనా?" అని. ఆయన టీ అయిపోయేదాకా నవ్వాడు.

వెనక్కి తిప్పిన కాగితం సంగతి చెప్పలేదు కదా. ఆ వైపున్నవి మూడు పూటల్లో చూసేశాం. వాటికి టిక్కెట్లూ లేవు, ప్రకటనలూ లేవు. పాతూళ్లో, ఓడరేవు ముఖద్వారం దగ్గర, పక్కపక్కన మూడు కొండలుంటాయి. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి, ఒకదాని మీద మేరీమాత, ఒకదాని మీద దర్గా. 1933లో రేవు తెరిచినప్పటి నుంచీ ఈ ముగ్గురి చూపు దాటకుండా ఏ ఓడా లోపలికి రాలేదు. అక్కడికి వెళ్లేటప్పుడు పండక్కి కొన్న తెల్లచొక్కా వద్దని మా బావమరిదికి ముందే చెప్పాను. వినలేదు. రేవు బొగ్గు పొడి పాతూరి గాల్లో ఎప్పుడూ ఉంటుంది, సాయంత్రానికి చొక్కా రంగు మారిపోయింది. అతిథికి బట్టలు పెట్టడం మా ఆచారం, రంగు వేసి పంపడం పాతూరి ఆచారం.

సింహాచలం వెళ్తే మెట్ల దగ్గర సంపెంగలమ్ముతున్నారు. మా చెల్లాయి కొని జడలో పెట్టుకుంటే దిగొచ్చేదాకా ఆటో అంతా అదే వాసన. అప్పన్న ఏడాది పొడుగునా చందనం పూతలో ఉండి, అక్షయ తృతీయ ఒక్కరోజు నిజరూపం చూపిస్తాడు. మా ప్రాజెక్టులు కూడా ఏడాది పొడుగునా పూతలోనే ఉంటాయి. వాటికి ఆ ఒక్క తిథి ఎవరూ పెట్టలేదు.

రాత్రి బీచ్‌లో గట్టు మీద కూర్చుని ముంత మసాలా తిన్నాం. ఉక్కపోతకి పొద్దుట్నుంచీ కారిన చెమటంతా ఒక్క గాలికి ఆరింది. గంటన్నర సేపు ఎవరూ ఏమీ అడగలేదు. చిన్నది మాత్రం సముద్రం వైపు వేలు చూపించి నోరు తెరవబోయి, ఎందుకో ఊరుకుంది.

వెళ్లేరోజు తెల్లారగట్ల ఫిషింగ్ హార్బర్‌కి తీసుకెళ్లాను. బోట్లు అప్పుడే దించుతున్నాయి. బేరమాడటం హైదరాబాదువాడికి వదిలేస్తే ఆయన వంజరం ధర విని జేబు తడుముకున్నాడు. అమ్మే ఆవిడ జాలిపడలేదు. "ఇప్పుడే తినీయండి బాబూ. వచ్చే నెల పదిహేను నుంచి బోట్లు కట్టేస్తారు. అప్పుడు డబ్బులున్నా చేపుండదు" అంది.

నిజమే చెప్పింది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15న మరబోట్ల వేట ఆపుతారు, జూన్ 14 దాకా 61 రోజులు. ఈ ఊళ్లో చెప్పిన తేదీకి మొదలై, చెప్పిన తేదీకి అయిపోయే కార్యక్రమం నేనెరిగినంతలో ఇదొక్కటే. కాబట్టి మీ చుట్టాలెవరైనా వైజాగ్ వస్తామంటే మెట్రో కోసం ఆగమనకండి. ఏప్రిల్ 14 లోపు రమ్మనండి. తెల్లచొక్కా వద్దని చెప్పండి.