కాదన్నవాళ్లకూ ఒక దండ

మార్చి 8 దగ్గర పడుతోందంటే కాలేజీల్లో అందరికంటే ముందు మేలుకునేది ఫ్లెక్సు కొట్టువాడు. సరోజినీ నాయుడు, కల్పనా చావ్లా, పి.వి.సింధు నిరుటి ఫైల్లోనే ఉంటారు, ఏడాది అంకె ఒక్కటి మారిస్తే చాలు. పొద్దున్నే ముగ్గుల పోటీ, ఆ తర్వాత వక్తృత్వం, పదకొండింటికి ముఖ్య అతిథి. మహిళ దొరికితే మంచిదే. దొరక్కపోతే ఏ బ్యాంకు మేనేజరుగారో వచ్చి స్త్రీ సహనాన్ని గంటసేపు పొగుడుతారు, విన్న ఆడపిల్లలు ఆ సహనాన్ని అక్కడికక్కడే రుజువు చేస్తారు. మహిళల ఆర్థిక స్వావలంబన మీద సెమినారు ఉంటే భోజనాలు స్వయం సహాయక బృందం వండుతుంది. బృందం వంటింట్లో, స్వావలంబన వేదిక మీద. చివర్లో శాలువా, మొమెంటో, న్యాక్ ఫైలుకు జియోట్యాగు ఫోటోలు. ఇందులో దేన్నీ మానమని చెప్పడం నా ఉద్దేశం కాదు. నా ఫిర్యాదల్లా ఈ సంబరంలో ఒక వర్గానికి తీరని అన్యాయం జరుగుతోందని. ఆ ఫ్లెక్సులోకి ఎక్కిన మహిళల్లో చాలామందికి ఎవరో ఒకరు, ఎక్కడో ఒకచోట, ‘కుదరదు’ అని చెప్పే ఉంటారు. అంత కష్టపడి అడ్డం నిలబడ్డవాళ్లకు దండ లేదు, దీపం లేదు, కనీసం పటం కింద ఒక పంక్తి లేదు.

డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి సంగతే చూడండి. పటం కింద రాసేవన్నీ నిజాలే: 1912లో మద్రాసు మెడికల్ కాలేజీ పట్టా, 1927లో శాసనమండలి ఉపాధ్యక్ష పదవి, దేవదాసీ వ్యవస్థ రద్దుకు చట్టం కోసం పోరాటం, 1954లో అడయారు క్యాన్సర్ ఆసుపత్రి. ఆమె పుట్టిన జూలై 30ని తమిళనాడు ప్రభుత్వం ఆసుపత్రుల దినంగా జరుపుతుంది. పటం కింద రాయనిది పుదుక్కోట మహారాజా కాలేజీ సంగతి. ఆమె అక్కడ సీటు అడిగినప్పుడు ప్రిన్సిపాలుకు అభ్యంతరం, చదువుతున్న కుర్రాళ్ల తల్లిదండ్రులకు అంతకంటే పెద్ద అభ్యంతరం. ఆడపిల్ల వచ్చి కూర్చుంటే తమ కొడుకులు చెడిపోతారట, పైగా ఆమె తల్లి దేవదాసీ కుటుంబంలో పుట్టిందట. కొడుకుల శీలం మీద కన్నవాళ్లకే అంత అపనమ్మకం. రాజావారు కల్పించుకుని చేర్చుకోమని ఉత్తర్వు ఇస్తేగాని ఆ తలుపు తెరుచుకోలేదు. ఈ ముక్క వదిలేసి చదివితే ముత్తులక్ష్మి ఎవరో తెలివైన విద్యార్థిని, కాలేజీ ఆమెను పెంచి పెద్ద చేసిన సంస్థ. కలిపి చదివితే సాధించింది ఆమె, కాలేజీ ఆమె దాటిన మొదటి అడ్డంకి. మహిళా దినోత్సవం పేరిట మన విద్యాసంస్థలు తమ చరిత్రలోంచి తీసేస్తున్నది సరిగ్గా ఈ తేడానే.

అడ్డుకున్నవాళ్లు దుర్మార్గులైతే పని సులువయ్యేది, తిట్టి ఊరుకునేవాళ్లం. చిక్కేమిటంటే వాళ్లలో పెద్దమనుషులే ఎక్కువ. దుర్గాబాయి (తర్వాత దేశ్‌ముఖ్) ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరబోయినప్పుడు అక్కడి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డిగారు. ఆధునిక తెలుగు సాహిత్య విమర్శకు దారి వేసిన మనిషి, పాతకాలపు ఛాందసానికి బద్ధవిరోధి. ఆయన కూడా చెప్పింది ఒక్కటే: ఆడవాళ్లకు హాస్టలు లేదు, కాబట్టి చేర్చుకోలేం. అందులో ద్వేషం లేదు, నిబంధన ఉంది. ద్వేషంతోనైనా పోట్లాడవచ్చు, నిబంధనతో పోట్లాడేందుకు మనిషి దొరకడు. దుర్గాబాయి పోట్లాడలేదు. హాస్టలు లేక చదువు ఆగిన అమ్మాయిలు తనకు రాయండని పత్రికలో ప్రకటన ఇచ్చి, పదిమందిని పోగుచేసి, హాస్టలు తామే నడుపుకుని చేరారు. ఇప్పుడు అదే విశ్వవిద్యాలయంలో ఆమె పేరిట మహిళా అధ్యయన కేంద్రం ఉంది, సంతోషం. హైదరాబాదు కోఠీలో 1924లో మొదలైన మహిళా కళాశాల 2022లో విశ్వవిద్యాలయమై, 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టుకుంది, అదీ సంతోషమే. కానీ ఐలమ్మ పొలం లాక్కోబోయిన విసునూరు దేశ్‌ముఖ్‌ను కథలోంచి తీసేసి చూడండి: పాలకుర్తిలో ఒకావిడ కౌలుకు పొలం తీసుకుంది, పంట కోసుకుంది. ఆ మాత్రానికి విశ్వవిద్యాలయానికి ఆమె పేరు ఎందుకు పెట్టారో ఏ విద్యార్థికీ అర్థం కాదు. అడ్డం పడ్డవాడి పేరు చెప్పకపోతే ఎదిరించిన మనిషి గొప్పతనం లెక్కకు రాదు.

ఇదంతా విశాఖ, హైదరాబాదుల గొడవ అనుకునేవాళ్లు ఒకసారి తమిళనాడులోని పెన్నాగరం వైపు రావాలి. హొగెనక్కల్ జలపాతానికి పోయే బస్సు ఆగే ఊరిగానే బయటివాళ్లకు అది తెలుసు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలున్న ధర్మపురి జిల్లా ఇది. మహిళా చరిత్ర కోసం ఇక్కడి విద్యార్థులు ఫ్లెక్సులోని అంతరిక్షం దాకా పోనక్కర్లేదు. తమిళనాడులో మహిళా స్వయం సహాయక బృందాలు మొదలైంది 1989లో, ఈ జిల్లాలోనే. పక్క పేజీలో ఇంకో లెక్క ఉంది. 2001 జనాభా లెక్కల్లో ఆరేళ్లలోపు పిల్లల్లో వెయ్యిమంది మగపిల్లలకు రాష్ట్రం మొత్తం మీద 942 మంది ఆడపిల్లలుంటే, ఇప్పటి ధర్మపురి జిల్లా పరిధిలో 826 మందే ఉన్నారు. ఆడశిశువు వద్దనుకున్నవాళ్లు చంపకుండా తెచ్చి ఉయ్యాలలో వదలండని ప్రభుత్వం 1992లో పక్కనున్న సేలంలో మొదలుపెట్టిన పథకం ధర్మపురికీ రావాల్సి వచ్చింది. ఆ లెక్కలోని పిల్లలు డిగ్రీ వయసుకు వచ్చేసరికి హాజరు పట్టీలో గైర్హాజరు కూడా పడని అమ్మాయిలు కొందరున్నారు, పట్టీలోకి పేరే ఎక్కలేదు కాబట్టి. ఇక్కడ ఒక ఆడపిల్ల కాలేజీ గేటు దాటి లోపలికి వచ్చిందంటే అప్పటికే ఆమె కొన్ని పోటీలు గెలిచినట్టు. ముగ్గుల పోటీ వాటిలో చివరిది.

ఇంకా పక్కకు జరిగితే హరూరు తాలూకాలో వాచాత్తి ఉంది. 1992 జూన్ 20న గంధపు చెక్క సోదాల పేరిట అటవీ, పోలీసు, రెవెన్యూ సిబ్బంది ఆ గిరిజన గ్రామం మీద పడి ఇళ్లు ధ్వంసం చేశారు, 18 మంది స్త్రీలపై అత్యాచారం జరిగింది. నిందితులు 269 మంది, అందరూ ప్రభుత్వోద్యోగులే. కేసు తేలే లోపు 54 మంది చనిపోగా, 2011 సెప్టెంబర్ 29న ధర్మపురి కోర్టు మిగిలిన 215 మందికీ శిక్ష వేసింది. 2023లో మద్రాసు హైకోర్టు దాన్ని ఖాయం చేసి, బాధితులకు తలా 10 లక్షలు ఇమ్మంది. పందొమ్మిదేళ్లు ఆ స్త్రీలు కోర్టు మెట్లెక్కి గుర్తుపట్టి సాక్ష్యం చెప్పారు. పట్టుదల గురించి వక్తృత్వ పోటీ పెట్టే కాలేజీకి ఇంతకంటే పెద్ద పాఠం ఏ దేశం నుంచి తేవాలి? ధర్మపురి ఊరి అంచునే ఇలక్కియంపట్టి ఉంది. 2000 ఫిబ్రవరి 2న రాజకీయ కార్యకర్తలు అక్కడ కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం బస్సును తగలబెడితే విజ్ఞాన యాత్ర నుంచి వస్తున్న ముగ్గురు విద్యార్థినులు కాలిపోయారు. దోషులు ముగ్గురికి పడ్డ ఉరి 2016లో యావజ్జీవంగా మారింది, 2018లో ప్రభుత్వం వాళ్లను విడుదల చేసింది. ఆ అమ్మాయిలు ఏ ఘనతా సాధించలేదు, సాధించేందుకు వ్యవధి ఇవ్వలేదు. విజేతల పటాలకే గోడ కేటాయించిన ప్రదర్శనలో వాళ్లకు చోటెక్కడ?

ఇక్కడ వచ్చే మొదటి అభ్యంతరం తెలిసిందే. ఏడాదికొక్క పండగ, పిల్లలు సంతోషంగా ఉంటారు, ఈ చేదంతా ఎందుకు, స్ఫూర్తినిచ్చేవి చెప్పండి అంటారు. జిల్లా పరువు సంగతి కూడా ఎవరో ఎత్తుతారు. స్ఫూర్తి మీద నాకు గౌరవమే, కానీ అది ఎలా పుడుతుందో తెలుగులో తొలి మహిళా చరిత్ర రాసినావిడను అడగాలి. భండారు అచ్చమాంబ 1901లో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ వెలువరించింది. కాలేజీ ముఖం చూసిన మనిషి కాదు, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువు చూసి చదువు నేర్చింది. ఆమె తన పుస్తకాన్ని పొగడ్తతో మొదలుపెట్టలేదు. స్త్రీలకు బుద్ధి తక్కువన్నవాళ్లనీ, చదివితే ఆడవాళ్లు చెడిపోతారన్నవాళ్లనీ ముందే వరసగా నిలబెట్టి, వాళ్ల మాట తప్పని చూపడమే తన ఉద్దేశమని చెప్పి, ఆ తర్వాతే ఒక్కో స్త్రీ కథ చెప్పింది. అడ్డం ఏమిటో తెలిశాకే పాఠకురాలికి ఆ కథలు ఆసరా అవుతాయి. అడ్డంకి చెప్పకుండా విజేతను మాత్రమే చూపిస్తే, ఆగిపోయిన అమ్మాయి లోపం తనలోనే ఉందనుకుంటుంది. స్ఫూర్తి పేరిట జరిగే పెద్ద మోసం ఇదే. పరువు మాటకొస్తే, 826 అనే అంకెను దాచి ఉంటే అది అక్కడే ఉండేది. అచ్చేసి, తిట్లు తిని, పథకాలు పెట్టారు కనుక 2011కల్లా 910 దాటింది. ఇప్పుడు డిగ్రీ మొదటి ఏడాదిలో కూర్చుంటున్నది ఆ లెక్కలోని పిల్లలే.

రెండో అభ్యంతరం కాస్త బలమైనది: కాలం మారింది, ప్రభుత్వాలే ఆడపిల్లల పక్షాన నిలబడ్డాయి, సాయం చేసిన మగవాళ్లూ ఉన్నారు. అక్షరాలా నిజం. దేవదాసీ వ్యవస్థ మీద పోరాడిన మూవలూరు రామామృతం అమ్మగారి పేరు తమిళనాడులో చాలాకాలం పెళ్లి సాయం పథకానికి ఉండేది, అందులోనే తాళికి బంగారం కూడా ఇచ్చారు. 2022 సెప్టెంబర్ 5 నుంచి అదే పేరుతో ప్రభుత్వ బడిలో చదివి కాలేజీకి వచ్చిన అమ్మాయికి నెలకు 1,000 రూపాయలు ఇస్తున్నారు. 2021 నుంచి మామూలు టౌను బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు. గృహిణులకు నెలనెలా ఇచ్చే 1,000 రూపాయల నమోదు శిబిరాన్ని 2023 జూలై 24న ముఖ్యమంత్రి ధర్మపురి జిల్లా తొప్పూరులోనే ప్రారంభించారు. కానీ ఈ మార్పులు ఎలా వచ్చాయో చూడండి. బస్సు చార్జీ అడ్డంకి అని ఎవరో రాశారు, పెళ్లి తొందర అడ్డంకి అని ఎవరో లెక్కగట్టారు. పేరు పెట్టిన అడ్డంకికే బడ్జెట్టు వస్తుంది. సాయం చేసిన పుదుక్కోట రాజావారి పేరూ, అచ్చమాంబ తమ్ముడి పేరూ మనం ఎలాగూ చెబుతున్నాం. చేయి అందించినవాళ్లను గుర్తుంచుకుని చెయ్యడ్డం పెట్టినవాళ్లను మర్చిపోతే అది చరిత్ర కాదు, దాతల పట్టిక.

పైగా ఇవన్నీ పాత రికార్డులూ కావు. 2024 డిసెంబరులో చెన్నై అన్నా విశ్వవిద్యాలయం ఆవరణలోనే విద్యార్థినిపై లైంగిక దాడి జరిగింది. ఫిర్యాదు చేసిన అమ్మాయి వివరాలతో సహా ఎఫ్‌ఐఆర్ బయటికి పొక్కింది. హైకోర్టు మహిళా అధికారులతో దర్యాప్తు బృందాన్ని వేసి, ఆమెకు 25 లక్షలు చెల్లించమంది. 2025 జూన్‌లో దోషికి కనీసం 30 ఏళ్లు బయటికి రాకుండా యావజ్జీవ శిక్ష పడింది. ఇలాంటి ప్రతి ఘటన తర్వాతా దేశంలో ఎక్కడో ఒక క్యాంపస్‌లో మొదట మారేది ఆడపిల్లల హాస్టలు గేటు వేసే వేళ. దొంగతనం జరిగితే సొమ్మున్నవాణ్ణి లోపల పెట్టి తాళం వేసినట్టు. 2013 చట్టం, 2015 యూజీసీ నిబంధనలు ప్రతి సంస్థలో ఫిర్యాదుల కమిటీ ఉండాలన్నాయి. దాని సభ్యుల పేర్లు నోటీసు బోర్డు మీద వెతకడం కూడా ఒక పోటీగా పెట్టవచ్చు. స్త్రీని ప్రతీకగా నిలబెట్టడం మనకు చేతకాక కాదు. పెన్నాగరం పక్కనే పాప్పారపట్టిలో సుబ్రహ్మణ్య శివ భారతమాతకు గుడి కట్టాలని తపించి, 1925లో అక్కడే కన్నుమూశారు. ఆయన భక్తిని తప్పుపట్టేదేమీ లేదు. అయితే ప్రతీకలతో మన సంస్థలకు ఒక సౌకర్యం ఉంది: విగ్రహం హాస్టలు అడగదు, చివరి బస్సు వేళ ఎందుకు మార్చారని నిలదీయదు, కమిటీకి కాగితం రాయదు.

కనుక ప్రిన్సిపాళ్లకు, వైస్‌చాన్స్‌లర్లకు ఖర్చు లేని ఒక సూచన. వచ్చే మార్చిలో ఘనతల గోడ ఎలాగూ పెడతారు, పక్కనే ‘నిరాకరణల గోడ’ కూడా పెట్టండి. మీ సంస్థ పుట్టినప్పటి నుంచి ఆడవాళ్లకు కాదన్నవన్నీ తేదీ, హోదా, చెప్పిన కారణంతో సహా అచ్చేయండి: ఏ కోర్సులో వద్దన్నారు, హాస్టలు ఎన్నేళ్లు ఆలస్యమైంది, ఏ టూరుకు పంపలేదు, ఏ ఫిర్యాదు ఎవరి బల్ల మీద ఎన్నాళ్లుంది. హోదాలు చాలు, మనుషులను బజారుకెక్కించనక్కర్లేదు. కారణాలు మాత్రం అన్నమాట అన్నట్టే ఉండాలి, పుదుక్కోట తల్లిదండ్రుల మాటలు ఇప్పటికీ ఎన్ని నోళ్లలో ఉన్నాయో విద్యార్థులే పోల్చుకుంటారు. చివర ఒక నిలువు వరస ఖాళీగా వదలండి, ఇంకా కుదరదంటున్నవి అమ్మాయిలు వచ్చి నింపుతారు. ఆ గోడకు ముఖ్య అతిథి చేత దండ వేయించి, న్యాక్‌కు ఫోటో పంపండి. ఆ గోడ పక్కన సెల్ఫీ దిగేందుకు యాజమాన్యంలో ఒక్కరూ ముందుకు రాకపోతే, ప్రదర్శన నిజాయితీగా పెట్టారని లెక్క.