నాకూ నూటికి నాలుగున్నర చాలు

కేంద్ర ఆర్థిక, కార్పొరేట్ వ్యవహారాల శాఖల మంత్రి గారికి,

మీరు మా నరసాపురం కోడలు గనక తెలుగులోనే రాస్తున్నాను. రెండు శాఖలూ మీ దగ్గరే ఉండడంతో ఒక్క స్టాంపుతో పోయింది. అప్పులవాడికి అదీ ఊరటే.

పోయిన పంటలో వైట్‌స్పాట్ తెగులు తగిలి నా చెరువులో రొయ్యలు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. మా ఆవిడ గాజులూ గొలుసూ కుదవపెట్టి తెచ్చిన లక్షా ఎనభై వేల అప్పు అలాగే ఉండిపోయింది. కాస్త తగ్గించి కట్టించుకోండి బాబూ అంటే బ్యాంకువారు రిజిస్టర్డ్ పోస్టులో వేలం నోటీసు పంపారు. ఆ పోస్టు ఖర్చు కూడా నా ఖాతాలోనే రాశారు.

అప్పుడే వీడియోకాన్ దివాలా కేసు గుర్తొచ్చింది. ఆ గ్రూపు కంపెనీల బాకీ దాదాపు రూ.64,838 కోట్లు. కొనేవారు ఇస్తామన్నది రూ.2,962 కోట్లు. అప్పులిచ్చినవాళ్ల కమిటీ సరేనంది. దాదాపు ఏమీ ఇవ్వనట్టేనని విస్తుపోతూనే ముంబయి కంపెనీ లా ట్రైబ్యునల్ 2021 జూన్‌లో ఆమోదముద్ర వేసింది. (2022 జనవరిలో అప్పీలులో అది కొట్టుకుపోయింది, ఆ మాట దాచను.) నూటికి నాలుగున్నర పైచిలుకు. ఆ లెక్కన నేను కట్టాల్సింది ఎనిమిది వేల రెండొందల చిల్లర. తొమ్మిది వేలకు తెగ్గొట్టేద్దాం, కమిటీ వేయించండి.

కంపెనీ దివాలా కేసు తీసుకున్న రోజే మారటోరియం పెడతారు, ఆస్తుల మీద ఎవరూ చెయ్యి వేయకూడదంటారు. మా గాజుల వేలం వచ్చే మంగళవారం. యజమాని చేతిలోంచి కంపెనీ పోతుంది కదా అంటారేమో, నా చెరువూ కౌలుదే, అదీ పోయింది.

రైతు రుణమాఫీలు నిజాయితీగా అప్పు తీర్చే అలవాటును చెడగొడతాయని 2017లో అప్పటి రిజర్వు బ్యాంకు గవర్నరు అన్నారు. 2023 జూన్‌లో అదే రిజర్వు బ్యాంకు, కావాలని ఎగ్గొట్టినవాళ్లతోనూ బ్యాంకులు రాజీ పడొచ్చని సర్క్యులర్ ఇచ్చింది. నేను కావాలని ఎగ్గొట్టలేదు. ఆ అర్హత ఎలా తెచ్చుకోవాలో సెలవివ్వండి.

నా సంగతి సరే. 2016 దివాలా చట్టంలోనే పేదల కోసం ఒక అధ్యాయం ఉంది. ఏడాది ఆదాయం 60 వేలు, ఆస్తి 20 వేలు, అప్పు 35 వేలు దాటనివాళ్లు, సొంత ఇల్లు లేనివాళ్లు దరఖాస్తు పెట్టుకుని అప్పు నుంచి బయటపడొచ్చు. అచ్చయిందే గానీ అమల్లోకి రాలేదు. చట్టంలో ఆ అధ్యాయమున్న భాగంలో మిగతాదాన్ని మాత్రం, కంపెనీల అప్పులకు పూచీ ఉన్నవారి వరకు, 2019 డిసెంబరు 1 నుంచి తెరిచారు.

రొయ్యల షెడ్డులో తలలు తీసే మా పక్కింటావిడ కూడా పూచీ పడ్డదే, కాకపోతే కంపెనీకి కాదు, అప్పుల గ్రూపులో మరొకామె కుట్టుమిషను అప్పుకు. ఆమె ఊరొదిలి పోయింది. ఇప్పుడు వారం వారం ఫైనాన్సు కుర్రాడి బండి ఈవిడ గుమ్మం ముందు ఆగుతోంది, వీధంతా వినేలా హారన్ మోగుతోంది. నా గాజుల ఫైలు పక్కన పెట్టినా ఫరవాలేదు, ముందు ఈవిడలాంటివాళ్ల కోసం పేదల అధ్యాయానికి గెజెట్‌లో ఒక తేదీ వేయించండి.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక బకాయిదారు (కంపెనీ కాదు, మనిషి)