ఐదెకరాల ఎడారిలో నేను

నేనొక ఒంటిగది ఇంటిని. కాలిఫోర్నియాలోని మొహావీ ఎడారిలో, ట్వెంటీనైన్ పామ్స్ ఊరు దాటాక తూర్పున పరుచుకున్న వండర్ వ్యాలీలో ఉంటాను. 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు, ఒక తలుపు, రెండు కిటికీలు. అదే నా ఆకారం. నా చుట్టూ ఉన్న ఐదెకరాలకు కంచె లేదు, బావి లేదు, కరెంటు స్తంభం లేదు. ఈమధ్య నన్ను మళ్లీ అమ్మకానికి పెట్టారు. ఫోటో చూసినవాళ్లు ముందు ధర చూసి, ఐదెకరాలు ఇంత చౌకా అని ఆశ్చర్యపోతున్నారు. ఎందుకంత చౌకో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అందుకే నా కథ చెప్పుకుంటున్నాను.

నా పుట్టుకకు కారణం ఒక చట్టం. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం 160 ఎకరాలిచ్చి, ఐదేళ్లు అక్కడే ఉండి సాగుచేయమంది. 1938లో వచ్చిన స్మాల్ ట్రాక్ట్ చట్టం సాగు అడగలేదు. సేద్యానికి పనికిరాని ప్రభుత్వ భూమిని ఐదెకరాలకు మించని ముక్కలుగా, ఇంటికో విడిదికో ఆరోగ్యం కోసమో వినోదానికో వ్యాపారానికో ఇవ్వవచ్చంది. ముందు లీజుకు తీసుకోవాలి, గడువులోగా చిన్న ఇల్లు కట్టాలి, ఆ తర్వాత నామమాత్రపు ధర కట్టి పట్టా పుచ్చుకోవాలి. ఆరోగ్యం అన్న మాట ఇక్కడ ఊరికే రాలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువు పీల్చి ఊపిరితిత్తులు పాడైన సైనికులను పసడీనాకు చెందిన డాక్టర్ జేమ్స్ లకీ 1920లలోనే ఈ పొడిగాలికి పంపించాడు. రెండో యుద్ధం ముగిశాక లాస్ ఏంజిలెస్ నుంచి జనం తండోపతండాలుగా వచ్చారు. మా ఇళ్లకు జాక్‌రాబిట్ హోమ్‌స్టెడ్లు అని పేరు పడింది. పొడుగు చెవుల ఎడారి కుందేళ్లు తప్ప మరొకటి బతకదని జనం అనుకునే చోట లేచిన ఇళ్లు మరి.

నేను 1954లో లేచాను. సిమెంటు పలక మీద సన్నపాటి కర్ర చట్రం, దాని మీద తారు కాగితం, కోళ్ల వల, ఆపైన సిమెంటు పూత. అంతకుమించి చెప్పుకోదగ్గ పనితనమేమీ నాలో లేదు. నన్ను కట్టించినాయన లాస్ ఏంజిలెస్‌లో విమానాల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. వారమంతా ఇనుప చప్పుళ్ల మధ్య గడిపి, సెలవు దొరికితే భార్యను, కూతుర్ని తీసుకుని 240 కిలోమీటర్ల దూరం వచ్చేవాడు. మేస్త్రీ వేసిన గోడలకు తలుపు చట్రం మాత్రం ఆయనే స్వయంగా బిగించుకున్నాడు. ఆ చట్రం ఈనాటికీ వంకర పోలేదు.

ఆ రోజుల్లో నేను చేసిన పని చిన్నదే అయినా నాకు గర్వంగా ఉంటుంది. మధ్యాహ్నం ఎండ 43 డిగ్రీలు దాటే నేల మీద ముగ్గురికి నీడనిచ్చాను. పడమటి గాలి ఇసుకను ఎగదోసుకొచ్చే రాత్రుల్లో నిద్రనిచ్చాను. 1952లో ఊరికి ఉత్తరాన వెలసిన మెరైన్ శిక్షణ స్థావరంలో ఫిరంగులు పేలితే నా కిటికీ అద్దాలు గలగలమనేవి. పిల్ల భయపడి తల్లి పక్కలో దూరేది. పొద్దున లేచి చూస్తే గది గదిలాగే ఉండేది.

నీళ్ల సంగతి చెప్పకుండా నా కథ ముందుకు సాగదు. ఇక్కడ ఏడాదంతా కలిపి కురిసేది 100 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. కొళాయి లేదు, భూమిలోపల నీళ్లున్న చోట్ల కూడా చాలావరకు ఉప్పన. ఆయన ట్రక్కు వెనకాల డ్రమ్ములేసుకుని ఊళ్లో నింపుకొచ్చేవాడు. 200 లీటర్ల డ్రమ్ము అంటే 200 కిలోల బరువు. దాన్ని దించే ఉపాయం లేక, ట్రక్కు మీదనే ఉంచి గొట్టంతో నా పక్కనున్న పీపాల్లోకి వదిలేవాడు. ఆ నీళ్ల వాడకం చూసి తీరాలి. ఆవిడ ముందు కూరగాయలు కడిగేది. ఆ నీళ్లతోనే గిన్నెల మొదటి కడుగుడు అయ్యేది. జిడ్డు లేనంతవరకు ఆ నీళ్లు చేతులు కాళ్లు కడుక్కోవడానికి వాడి, చివరికి మిగిలిన చెంబెడు నీళ్లు పడమటి వైపు నాటిన ఏథెల్ మొక్క మొదట్లో పోసేవాళ్లు. "నాన్నా, రేపటికి నీళ్లు సరిపోతాయా?" అని పిల్ల రోజూ పడుకునే ముందు అడిగేది. ఆయన పీపా మీద వేళ్లతో కొట్టి, చప్పుడు ఎక్కడ మారుతుందో విని, ఎంతవరకు ఉన్నాయో చూపించేవాడు. లెక్క తప్పితే పొద్దున్నే తిరుగు ప్రయాణం. అలా ఇచ్చిన నీళ్లతోనే ఆ మొక్క చెట్టయింది. ఒకసారి వేళ్లు లోతుకు దిగాక దానికి ఎవరి చెంబూ అవసరం లేకపోయింది.

తర్వాత పట్టా చేతికొచ్చింది. ఆ కాగితం మీద రాసిన షరతులను వాళ్లు శ్రద్ధగా చదువుకున్నారు. నేలలోపలి చమురూ ఖనిజాలూ ప్రభుత్వానివే. హద్దుల వెంట 33 అడుగుల మేర దారికోసం, తీగలకోసం వదలాలి. దారి కాగితం మీద ఉంది కాబట్టి నేల మీద కూడా ఉంటుందని వాళ్లు అనుకోలేదు. చక్రాలు దిగబడే చోట రాళ్లు పరిచి తామే వేసుకున్నారు. తర్వాత నన్ను కొన్నవాళ్లలో ఆ కాగితం చదివినవాళ్లు తక్కువ.

పిల్ల పెద్దదైంది. రాకలు పలచబడ్డాయి. పెద్దాయన పోయాక ఆవిడ ఒక్కతే ఒకసారి వచ్చి, పరుపు మడిచి, గిన్నెలు బోర్లించి, కిటికీ తెరలు దగ్గరకు లాగి, తాళం వేసి వెళ్లింది. మళ్లీ వచ్చేవాళ్లు సర్దినట్టే సర్దింది. ఆ సర్దుడు చూసి నేను చాలాకాలం ఎదురుచూశాను. 1976లో వచ్చిన కొత్త భూచట్టం స్మాల్ ట్రాక్ట్ చట్టాన్ని రద్దు చేసింది. నాలాంటి కొత్త ఇళ్లు పుట్టడం ఆగిపోయింది. పుట్టినవాటి గురించి అడిగే నాథుడు లేడు.

ఇల్లు ఒక్కరోజులో పాడవదు. ముందు పడమటి గోడ రంగును ఇసుక గీకేసింది. తర్వాత ఎవరో సరదాకు కాల్చిన తుపాకీ గుండుకు ఉత్తరపు కిటికీ అద్దం పగిలింది. అది మొదలు. పగిలిన చోటునుంచి రోజూ పిడికెడు ఇసుక లోపలికి వచ్చేది. తెర చిరిగింది, పరుపు నానింది, ఎండింది. ఎడారి ఎలుకలు పరుపు పత్తి లాక్కెళ్లి, ముళ్ల చోయా జెముడు కాడలు తెచ్చి మూలన గూడు పేర్చుకున్నాయి. వాటి మీద నాకు కోపం లేదు. అవి కనీసం లోపల ఉన్నాయి. నా కోపమంతా మనుషుల మీదే. ఒకరు తలుపు బద్దలుకొట్టి పొయ్యి పట్టుకుపోయారు. ఇంకొకరు చలికి మంటేసుకోవడానికి నా లోపలి పలకలు ఊడబీకారు. మరొకరు తమ ఇంట్లో అక్కర్లేని సోఫాను, పాత టైర్లను 20 మైళ్లు మోసుకొచ్చి నా గుమ్మంలో పడేశారు. ఎవరూ చూడని చోట ఏం చేసినా ఫరవాలేదని వాళ్ల నమ్మకం.

నా పలక అంచున ఒక తాబేలు బొరియ తవ్వుకుంది. మొహావీ తాబేలు జీవితంలో ఎక్కువ భాగం బొరియలోనే గడుపుతుంది. వాన పడినప్పుడు తాగిన నీళ్లను మూత్రకోశంలో దాచుకుని నెలల తరబడి బతుకుతుంది. ఒకనాడు మోటారు సైకిళ్ల మీద వచ్చిన కుర్రాళ్లు ముచ్చటపడి దాన్ని ఎత్తారు. బెదిరిన తాబేలు దాచుకున్న నీళ్లన్నీ వదిలేసింది. వాళ్లు నవ్వి కింద పెట్టి వెళ్లిపోయారు. ఆ ఎండాకాలంలో అది కోల్పోయింది ప్రాణాధారమని వాళ్లకు తెలియదు. 1990లోనే ప్రభుత్వం ఈ జాతిని ముప్పులో ఉన్నట్టు ప్రకటించింది. ఆ చక్రాల గాట్లు కూడా తేలిగ్గా పోయేవి కావు. 1942లో జనరల్ ప్యాటన్ ఈ ఎడారిలో సైన్యానికి శిక్షణ ఇచ్చాడు. ఆ సైన్యపు ట్యాంకుల జాడలు మొహావీలో ఇప్పటికీ కనిపిస్తాయి. ఇక్కడి నేల పైపొర చితికితే మానడానికి తరాలు పడుతుంది.

1990ల చివర యంత్రాలు వచ్చాయి. పాడుపడి ప్రమాదకరంగా మారిన ఇళ్లను తొలగించే కార్యక్రమం అది. గుడిసెల మీద దాడి అన్న అర్థంలో ష్యాక్ అటాక్ అని పిలిచేవాళ్లు. నా దక్షిణాన ఉన్న ఇల్లు, తూర్పున ఉన్న రెండూ పడిపోయాయి. పగిలిన ఇళ్లు మనుషులకు ప్రమాదమే, కాదనను. కానీ వాటిని పగలనిచ్చినవాళ్ల పేరు ఆనాడు ఎవరూ తలవలేదు. నేను ఎలా మిగిలానో నాకు తెలియదు. పైకప్పు ఇంకా నిలిచి ఉండటమే కారణం కావచ్చు.

కూతురి పిల్లలు కొన్నేళ్లు పన్ను కట్టి మానేశారు. కాలిఫోర్నియాలో ఐదేళ్లు పన్ను బకాయి పడితే ఆ ఆస్తిని వేలం వేయవచ్చు. అలా నేను కొత్త చేతుల్లోకి వెళ్లాను. మొదటి కొనుగోలుదారు నన్ను చూడకుండానే కొన్నాడు. చూడటానికి వచ్చిన రోజున మెత్తటి ఇసుకలో కారు దిగబడి, నేను కనుచూపు మేరలో ఉండగానే వెనక్కి మళ్లాడు. తర్వాత ఒక జంట జూలైలో డేరా వేసుకుంది. ఎండ చల్లబడుతుందని సాయంత్రం వరకు నా నీడలో కూర్చున్నారు. రాత్రయినా నేల వేడి తగ్గలేదు. అంతలో దక్షిణాన పింటో కొండల మీద వాన పడింది. ఇక్కడ చుక్క రాలలేదు. అయినా ఎండిన వాగులోంచి బురదనీళ్లు ఉరుకుతూ వచ్చి డేరాను చుట్టేశాయి. వాగు గుర్తు ఐదెకరాల మధ్యగా స్పష్టంగానే ఉంది. కొనే ముందు ఎవరూ దాన్ని వాగు అనుకోలేదు, చదునైన జాగా అనుకున్నారు.

ఇంకొకాయన అచ్చంగా ఇక్కడే స్థిరపడదామని వచ్చాడు. సౌర పలకలు, బ్యాటరీలు తెచ్చాడు. కరెంటు ఇప్పుడు నిజంగానే సమస్య కాదు, ఎడారి ఆకాశం అడిగినంత ఇస్తుంది. ఆయన నీళ్ల లెక్క మాత్రం వేసుకోలేదు. వెయ్యి గ్యాలన్ల ట్యాంకు నిండితే దాదాపు 3,800 కిలోలు. అంత బరువును ఆ దారిలో తెచ్చే నీళ్ల బండికి కిరాయి ఇవ్వాలి. ఇల్లు బాగుచేయాలంటే అనుమతి, మరుగుదొడ్డికి సెప్టిక్ ట్యాంకు, దానికి మరో అనుమతి. సొంత నేల మీద డేరాలో ఎన్నాళ్లయినా ఉండొచ్చనుకున్నాడు, నిబంధనలు అందుకు ఒప్పుకోలేదు. నేలకు పెట్టినదానికి ఎన్నో రెట్లు ఖర్చు ముందుందని అర్థమయ్యాక పలకలు విప్పుకుని వెళ్లిపోయాడు. బ్యాటరీలలో ఒకటి, పగిలినది, నా వెనకే వదిలేశాడు.

చౌక అంటే ఇదే. ఇక్కడ నేలకు ధర తక్కువ, నేల మీద బతకడానికి ధర ఎక్కువ. మొదటిది ఒక్కసారి కడతారు. రెండోది నీళ్ల రూపంలో, పెట్రోలు రూపంలో, రాకపోకల రూపంలో ఏళ్ల తరబడి కడుతూనే ఉండాలి. నన్ను కట్టించినాయన ఆ రెండోది మొదటిరోజు నుంచే తెలిసి కట్టాడు, అందుకే ఆ ఇంట్లో సంతోషం నిలిచింది. తర్వాతవాళ్లు మొదటి ధర చూసి సంబరపడ్డారు, రెండోది ఎదురవగానే నన్ను వదిలేశారు. ఈ చుట్టుపక్కల నాతోటి ఇళ్లను బాగుచేసుకుని, నీళ్లు తెప్పించుకుంటూ ఏళ్లుగా కాపురముంటున్న వాళ్లూ ఉన్నారు. వాళ్లు డబ్బున్నవాళ్లేమీ కాదు. లెక్క తెలిసినవాళ్లు.

కాబట్టి నన్ను కొనాలనుకునేవాళ్లకు నా విన్నపం ఇది. చలికాలపు ఫోటో చూసి రాకండి, జూలైలో రండి. పత్రాల్లో ఉన్న దారి మీద మీ బండి నడిచి చూడండి. వాగు ఎటు పారుతుందో పొరుగువాళ్లను అడగండి. మీ ఇంటిల్లిపాదికీ వారానికి ఎన్ని లీటర్లు కావాలో, వాటిని ఎవరు, ఎంతకు, ఎంత దూరంనుంచి తెస్తారో కాగితం మీద రాసుకోండి. అనుమతుల సంగతి కౌంటీలో ముందే కనుక్కోండి. ఒక రాత్రి గాలిలో ఇక్కడ నిద్రపోండి. ఆ తర్వాత కూడా ఈ చోటు నచ్చితే కొనండి, కొన్నాక వస్తూ ఉండండి. రాలేమని తెలిస్తే ఇంకొకరికి చూడకుండా అంటగట్టవద్దు. 2006లో మొదలైన మొహావీ డెజర్ట్ ల్యాండ్ ట్రస్ట్ లాంటి సంస్థలు ఇలాంటి ముక్కలను సేకరించి, తాబేళ్లకూ మిగతా జీవాలకూ ఆవాసంగా కాపాడుతున్నాయి. తాళం వేసి మరిచిపోవడం కన్నా అది వెయ్యి రెట్లు మేలు.

అదే జరిగితే నన్ను కూల్చాల్సి రావచ్చు. అందుకు నాకు దిగులు లేదు. మనుషులు కాపురముండే ఇల్లుగా ఉండాలి, లేదంటే ఈ నేల తాబేలుదై పోవాలి. ఎవరికీ కాకుండా, ఎవరూ రాకుండా, ధర చూసి మురిసిపోయిన ప్రతివాడి చేతా పారేయబడుతూ మాత్రం ఇంకో యాభై ఏళ్లు నేను నిలబడలేను.