మక్షికాసంజీవని: ఒక కరపత్రానికి టీకా తాత్పర్యం

మూలము

"స్వచ్ఛమగు గాజుసీసాయందు పరిపక్వ కదళీఫలమును కించిత్ కిణ్వముతో నిక్షేపించి, రెక్కలులేని ఫలమక్షికలను ప్రవేశపెట్టి, నూలువస్త్రముచే మూతిని బంధించి, గది ఉష్ణోగ్రత వద్ద నుంచవలెను. పది దినములలో నూతన తరము లభించును. చీమలకు వలసినంత ఒసంగుము."

అవతారిక

నెల్లూరులో మా మేనల్లుడు గాజు గొట్టంలో గండుచీమలను పెంచుతున్నాడు. వాటి మేతకు ఈగలు కావాలి. ఈగలకు సీసా కావాలి. డబ్బు కట్టి తెప్పించిన ఆ సీసాతోపాటు వచ్చిన కరపత్రం పైది. కర్త అజ్ఞాతుడు. అరటిపండు కుళ్లబెట్టి ఈగలు పెంచుకోండయ్యా అనే మాటను ఇంత ఠీవిగా చెప్పినవాడికి టీక లేకపోవడం అన్యాయమనిపించింది.

సంస్కృత కావ్యాలకు టీకలు రాసిన మల్లినాథసూరి మెదకు ప్రాంతపు కొలచలమవాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేసి కూర్చున్నాడు. రఘువంశ టీకకు సంజీవని అనీ, మాఘ టీకకు సర్వంకష అనీ పేర్లు పెట్టాడు. మా నెల్లూరి వేదం వేంకటరాయ శాస్త్రి (1853–1929) ఆ రెండు పేర్లనూ తెచ్చుకొని, మొదటిది ఆముక్తమాల్యద వ్యాఖ్యకూ, రెండోది శృంగారనైషధ వ్యాఖ్యకూ పెట్టుకున్నారు. అదే దారిలో సంజీవని అనే పేరు నేనూ తీసుకుంటున్నాను. ప్రతిజ్ఞ మాత్రం తీసుకోవడం లేదు.

ప్రతిపదార్థము: సుగమము. వ్యాఖ్యాతలు తమకు అర్థం కానిచోట ఈ మాట వాడతారని అపవాదు ఉంది. నేను తేలికైన చోటే వాడుతున్నాను.

ఫలమక్షిక

ఇచ్చట శంక. వ్యవసాయ శాఖవారి పండు ఈగ వేరు. అది మామిడికాయ తొక్కను పొడిచి లోపల గుడ్లు పెట్టి, ఉలవపాడు రైతును ఏడిపించేది. కరపత్రకర్త చెప్పేది డ్రోసోఫిలా, మిగల పండిన పండు మీద ముసిరే సన్న ఈగ. కదళీఫలమని పండు పేరు చెప్పాడు గనుక పులిసిన వాసనకు వచ్చే ఈగనే గ్రహించాలి.

ఇది సామాన్యమైన ఈగ కాదు. న్యూయార్కులో కొలంబియా విశ్వవిద్యాలయపు మోర్గాన్ పాలసీసాల్లో, అరటిపండు మీదే దీన్ని పెంచి, 1910లో తెల్లకన్ను ఈగ ఒకటి కనబడితే దాని వెంటపడ్డాడు. వంశపారంపర్యంలో క్రోమోజోముల పాత్ర తేల్చినందుకు 1933లో నోబెల్ తీసుకున్నాడు. ఆయన గదికి పాలసీసాలు చాలాయి. మా మేనల్లుడికి మాత్రం ప్రత్యేకమైన సీసా కావలసి వచ్చింది.

రెక్కలులేని

ఇది విశేషణం. మోర్గాన్ గదిలోనే ఈ పొట్టిరెక్కల జాతి కూడా బయటపడింది. ఎగరలేదు గనుక మేతకు అనుకూలమని చీమలవారూ కప్పలవారూ దీన్ని కొనుక్కుంటారు. లక్షణం చెప్పేటప్పుడు అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవం అనే మూడు దోషాలూ ఉండరాదని తార్కికుల నియమం. ఈ విశేషణంలో మూడో దోషం ఉంది, కానీ ఏడాదిలో కొన్ని నెలలే ఉంటుంది. ఎట్లాగంటే, ఈ జాతి రెక్క పొడవు పుట్టుకతోపాటు వేడిమీదా ఆధారపడుతుంది. 25 డిగ్రీల దగ్గర పెరిగితే రెక్క మోడుగా ఉంటుంది. 30 దాటిన వేడిలో పిల్లపురుగు పెరిగితే రెక్క సాగుతుంది. ఇది శాస్త్రజ్ఞులకు వందేళ్లుగా తెలిసిన సంగతి. కరపత్రంలో మాత్రం లేదు.

గది ఉష్ణోగ్రత

ఎవరి గది? టీక రాయాలని నేను కలం పట్టింది ఈ రెండు మాటల కోసం. అయ్యా కర్తా, నీ గది ఎక్కడుంది? రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని చెప్పుకొనే దేశంలో, మిట్టమధ్యాహ్నం 40 దాటే ఊళ్లో, కరెంటు పోయిన మిద్దెగదిలో ఉండే ఉష్ణోగ్రత కూడా గది ఉష్ణోగ్రతే కదా? పది దినములన్న లెక్క 25 డిగ్రీలది. 30కి పైన నిలకడగా ఉంటే మగ ఈగల సంతానశక్తి పడిపోతుంది. ఇంకా కాస్త ఎక్కితే నూతన తరము లభించకపోగా ఉన్న తరమే పండుకు అంటుకొని చస్తుంది. గదిలో ఏసీ ఉండాలి అని మూడు మాటల్లో రాయచ్చు. రాస్తే సీసా కొనరు. అందుకే సంస్కృతం.

నూలువస్త్రముచే

అలంకారం విషమం. చీమల కోసం పెట్టిన సీసాను మొదట పసిగట్టేవి ఇంటి చీమలే. గొట్టంలోని చీమలకు పెట్టాల్సిన మేతను గోడమీది చీమలు గుడ్డ సందులోంచి దూరి మోసుకుపోతాయి. పాలగిన్నె కింద పళ్లెంలో నీళ్లు పోసే పాత ఉపాయమే దీనికీ పనికొస్తుంది. మా అక్క చెప్పింది. కర్త చెప్పలేదు.

చీమలకు

ఇక్కడ విభక్తి విచారం కాస్త పెద్దది. పాఠకులు ఓపిక పట్టాలి.

పాణినీయుల మతంలో దానం పుచ్చుకొనేవాడు సంప్రదానం. అతనికి చతుర్థి. కానీ ఇచ్చిన వస్తువు మళ్లీ ఇచ్చినవాడి చేతికి రాకూడదు. రజకుడికి బట్టలు వేస్తే ఉతికి తెస్తాడు, అది దానం కాదు గనుక అక్కడ షష్ఠి వాడాలని కాశికాకారుల పక్షం. చీమకు వేసిన ఈగ తిరిగి రాదు. ఎదిగిన చీమ గట్టి పదార్థం మింగలేదు, రసం మాత్రమే పీలుస్తుంది. ఈగను తెచ్చి పిల్లపురుగుల ముందు పెడుతుంది. ఆ మాంసంతోనే పిల్లలు పెరుగుతాయి. కనుక శుద్ధమైన త్యాగం, శుద్ధమైన చతుర్థి.

తెలుగులో చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో కొఱకున్, కై అనేవాటిని చతుర్థిలో పెట్టి, కిన్, కున్ లను తీసుకుపోయి 'యొక్క' పక్కన షష్ఠిలో కూర్చోబెట్టాడు. ఎందుకని బళ్లో ఎవరూ అడగలేదు. మా తీరంలో రొయ్యల గుంటల మధ్య నాలుగు రోజులు తిరిగితే జవాబు దొరుకుతుంది. 'డీలరు రైతుకు మేత ఇచ్చెను.' ఇది చతుర్థా? అప్పు మేత ధర వేరు, రొక్కం ధర వేరు. పట్టుబడి నాడు రొయ్యల కౌంటు చూసి ధర కట్టి, మేత బాకీ అందులోంచి విరగ్గొట్టుకుంటారు. మధ్యలో తెల్లమచ్చ తెగులు వచ్చి గుంట మొత్తం తేలిపోయినా బాకీ తేలిపోదు. ఇచ్చింది తిరిగి వస్తుంది, వడ్డీతో వస్తుంది. రజకన్యాయమే గానీ, ఉతికేది ఇక్కడ పుచ్చుకున్నవాణ్ని. 'కు' షష్ఠి అన్న సూరి మాట ముమ్మాటికీ సత్యం.

వలసినంత

ఈ మాట దొరకని డబ్బా మా వైపు లేదు. గుంటలో చల్లే మందు డబ్బా మీద 'నీటి గుణాన్ని బట్టి తగినంత'. గుంట మట్టికి చల్లే పొడి మీద 'అవసరాన్ని బట్టి'. ఎకరానికి ఎంత, ఉప్పదనం ఎంతున్నప్పుడు, వాన పడితే ఏం చేయాలి? వీటికి బదులు డబ్బా నిండా మహిమ రాసి ఉంటుంది. వేలు పోసి కొన్న రైతు పొరుగు గుంటవాణ్ని అడిగి చల్లుకుంటాడు.

అదే తీరంలో కావలి నుంచి దక్షిణంగా హేచరీల్లోకి వెళ్లి చూడండి. ఒక జీవి కోసం మరో జీవిని పెంచడం అక్కడ నిత్యకృత్యం. 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక అది మరీ పెరిగింది. రొయ్యపిల్ల జోయియా దశలో ఉంటే కంటికి ఆనని నాచు, మైసిస్ దశకు వచ్చాక ఆర్టీమియా. ఆ ఆర్టీమియా గుడ్లు అమెరికాలోని ఉటా ఉప్పు సరస్సు నుంచి డబ్బాల్లో వస్తాయి. చూడ్డానికి గోధుమరంగు పొడి. అడుగు సన్నంగా ఉన్న తొట్టిలో ఉప్పునీళ్లు పోసి, గాలి కొట్టి, దీపం పెడితే ఒక రోజుకు పిల్లలవుతాయి. గాలి ఆపితే పెంకులు పైకి తేలుతాయి, పిల్లలు వెలుతురు చూపిన అడుగుకు చేరతాయి, పైపు తిప్పి పట్టుకుంటారు. ఇదంతా చేసే కుర్రాడు గోడమీద మార్కరుతో రాసుకునేది తొట్టి నంబరు, వేళ, గ్రాములు. అంతే. అర మాత్ర తగ్గితే కొడుకు పుట్టినంత సంబరపడే వైయాకరణులు ఆ గోడ చూస్తే వాణ్ని సూత్రకారుడనేవారు. పని చేసేవాడు అంకె రాస్తాడు. అమ్మేవాడు 'వలసినంత' అంటాడు.

ఈగలకు తిరిగి వద్దాం. అసలు వలసినంత అంటే మొదట్లో సున్న. రెక్కలు రాల్చుకొని ఒంటరిగా గూడు పెట్టిన గండుచీమ రాణి, తొలి కూలీచీమలు బయటికొచ్చేదాకా ఏమీ తినదు. తన ఒంట్లో దాచుకున్న కొవ్వునూ, రెక్కల కండరాలనూ కరిగించుకొని ఆ తొలి పిల్లలను సాకుతుంది. మావాడు సీసా తెప్పించిన నాటికి వాడి దగ్గర ఉన్నది ఒక రాణి, గుప్పెడు గుడ్లు. అమ్మినవాడు ఆ సంగతి అడగనూ లేదు, చెప్పనూ లేదు.

తాత్పర్యము

సీసా శుభ్రంగా ఉండాలి, అందులో అరటిపండు ఉండాలి, తక్కినవి దైవాధీనము అని భావము.

చీమలు పెంచే పిల్లలున్న ఇళ్లవారికి ఒక మాట. సీసా కొనే పనిలేదు. గండుచీమలు చచ్చిన దోమను కూడా తింటాయి. మందు కొట్టి చంపినది మాత్రం పెట్టొద్దు, గూడంతా పోతుంది. బ్యాటుకు తగిలి పడింది పనికొస్తుంది. నెల్లూరులో దోమలకు ఏ కార్తెలోనూ కొరత లేదు.