కట్టబొమ్మన సీమలో క్లయింటు కాల్

ప్రపంచం చదునైపోయిందని థామస్ ఫ్రీడ్‌మన్ అనే అమెరికన్ పాత్రికేయుడు 2005లో ఒక పుస్తకమే రాశాడు. బెంగళూరులో ఇన్ఫోసిస్ అప్పటి అధిపతి నందన్ నీలేకనితో జరిగిన సంభాషణే ఆయనకు ఆ జ్ఞానోదయం కలిగించిందట. దక్షిణ తమిళనాట కట్టబొమ్మన ఏలిన పాంచాలంకురిచ్చి వాసులకు ఈ సిద్ధాంతంలో కొత్తదనం కనిపించకపోవడం సహజం, ఎందుకంటే లండన్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న ఈస్టిండియా కంపెనీ అనే బహుళజాతి సంస్థ 1801లోనే వారి కోటను చదును చేసి వెళ్లింది. నేడు సందర్శకులు ఫొటోలు దిగే కోట 1974లో తమిళనాడు ప్రభుత్వం కట్టించినది.

ఒక దేశపు సంస్థకు కావలసిన పనిని మరో దేశంలో, తక్కువ జీతానికి, ఆ సంస్థ గడియారం ప్రకారం చేసిపెట్టడాన్ని ఆఫ్‌షోర్ సేవ అంటారు. పని చేయించుకునేవాడు క్లయింటు. ఈ సంబంధంలోని మర్యాదలన్నీ 1798 నాటికే ఈ సీమలో స్థిరపడ్డాయి. కప్పం బకాయిల విషయమై కంపెనీ కలెక్టరు జాక్సన్ పిలిపించగా, తెలుగు మూలాలున్న పాళెగాడు వీరపాండ్య కట్టబొమ్మన కుర్తాళం వెళ్లడం, అక్కడ దర్శనం దొరకక దొరవారి మకాం ఎటు కదిలితే అటు ఊరూరా తిరగడం, చివరికి సెప్టెంబరులో రామనాథపురంలో కూర్చోమనైనా అనకుండా ఆయనను గంటల తరబడి నిలబెట్టడం చరిత్రకారులకు ఘోరమైన అవమానంగా తోచాయి గాని, నేటి సేవారంగ నిపుణుడికి అది మీటింగు వాయిదా పడిన మామూలు వారంలాగే కనిపిస్తుంది. తేడా అంతా ముగింపులో ఉంది: ఆ సమావేశం కత్తులు దూయడంతోను, లెఫ్టినెంట్ క్లార్క్ మరణంతోను ముగిస్తే, ఈనాటిది ‘నోటెడ్, థాంక్స్’ అనే జవాబుతో ముగుస్తుంది. ఎస్కలేషన్, అంటే ఫిర్యాదును పై అధికారికి చేరవేయడం, ఆ రోజుల్లోనే కాస్త మెరుగ్గా పనిచేసిందని కూడా ఒప్పుకోక తప్పదు, ఎందుకంటే మద్రాసు ప్రభుత్వం విచారణ సంఘం వేసి జాక్సన్‌ను పదవి నుంచి తప్పించింది. మరుసటి ఏడాది అక్టోబరు 16న అదే కంపెనీ కట్టబొమ్మనను కయత్తారులో ఉరితీసింది, అది వేరే శాఖ నిర్ణయం కాబోలు.

కట్టబొమ్మన కథతో వచ్చిన 1959 నాటి సినిమాలో శివాజీ గణేశన్ జాక్సన్ మీద గర్జించిన సంభాషణను కాలేజీ వార్షికోత్సవంలో అప్పజెప్పిన కుర్రవాడే, క్యాంపస్ ఇంటర్వ్యూ నాటికి మీసం కత్తిరించుకుని, విదేశీ దొర ముందు ఎంత వినయంగా మాట్లాడాలో శిక్షణ పొందుతాడు. ఈ సీమలోని కోవిల్పట్టిలో 1984 నుంచీ ఇంజినీరింగు కళాశాల ఉంది కాబట్టి ఈ పరిణామానికి పొరుగూరు వెళ్లవలసిన అవసరం కూడా లేదు. విజయనగర కాలం నుంచి వలస వచ్చి కరిసల్ అనే ఈ నల్లరేగడి నేలలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లవాడు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, రాత్రి ఏడున్నరకు, అంటే శీతకాలంలో న్యూయార్కు తొమ్మిదింటికి కళ్లు తెరిచే వేళకు, అమెరికా యాస మాట్లాడతాడు. పెళ్లిసంబంధాల్లో అతని పేరు ‘సాఫ్ట్‌వేర్’. క్లయింటు లెక్కల్లో ‘రిసోర్స్’, అంటే బొగ్గు, నీరు వంటి వనరు. శాంగ్ బియావ్ అనే చైనా పరిశోధకుడు హైదరాబాదులోను, సిడ్నీలోను కోస్తాంధ్ర ఐటీ ఉద్యోగులను పరిశీలించి 2007లో వెలువరించిన గ్రంథంలో, ఈ రెండు ఖాతాలను కలిపేది కట్నమని చూపించాడు: ప్రాజెక్టు లేక ‘బెంచి’ మీద కూర్చున్న ఇంజినీరు ప్రపంచ మార్కెట్టులో మిగులు సరుకే అయినా, మామగారి దృష్టిలో ఇంకా పెట్టుబడే.

ఈ నిచ్చెనకు అడుగుమెట్టు ఒకటుంది గాని, కంపెనీ వార్షిక నివేదికల్లో దాని ఫొటో రాదు. తమిళనాడు పారిశుద్ధ్య కార్మికుల్లో అధిక సంఖ్యాకులైన అరుంధతీయులనే దళితుల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. అద్దాల మేడలో ఏడో అంతస్తున కూర్చుని ‘ఇన్‌క్లూజన్’, అంటే అందరినీ కలుపుకుపోవడం, అనే అంశంపై ఆన్‌లైన్ పరీక్ష రాసి నూటికి నూరు తెచ్చుకునే ఇంజినీరు మాతృభాషా, అదే అంతస్తులో మరుగుదొడ్డి కడిగే స్త్రీ మాతృభాషా ఒకటే కావచ్చుననే సంగతి ఆ పరీక్షలో ప్రశ్నగా రాదు. పైగా ఆమె ఆ సంస్థ ఉద్యోగి కాదు. గుత్తేదారు పంపిన మనిషి కనుక, అమెరికా కంపెనీకి ఇంజినీరు ఏమవుతాడో ఇంజినీరు కంపెనీకి ఆమె అదే అవుతుంది, జీతమూ మెడలోని గుర్తింపు కార్డు తాడు రంగూ తప్ప. అరుంధతీయులకు రాష్ట్ర ప్రభుత్వం 2009లో విద్య, ప్రభుత్వ ఉద్యోగాల్లో విడిగా ఇచ్చిన 3 శాతం వాటా ఈ మేడ గేటు దగ్గర సెక్యూరిటీకి సలాము చేసి ఆగిపోతుంది. తెలుగువారి ప్రపంచ మహాసభల్లో భాషాభిమానం గురించి ఎంత చెప్పుకున్నా, లిఫ్టులో ఆ భాష ఎవరి నోట వినిపిస్తే ఎవరు ఫోను వైపు తల దించుకుంటారో గమనించినవారు తక్కువ.

తిరిగి కరిసల్ నేలకు వస్తే, కోవిల్పట్టి, శివకాశి, విరుదునగర్ ప్రాంతాల పాత పరిశ్రమ అగ్గిపెట్టె. దాని ధర 14 ఏళ్లు రూపాయి దగ్గరే కదలకుండా ఉండి, 2021 డిసెంబరులో రెండు రూపాయలైంది. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో కొత్తగా చేరేవారి జీతం కూడా దశాబ్దానికి పైగా ఏడాదికి మూడు, నాలుగు లక్షల మధ్యే వెలుగుతోంది కాబట్టి, రెండు పరిశ్రమలకూ పొరుగు సంబంధం ఉందనే అనుకోవాలి. అయితే దిగుమతి లైటర్లు పొట్ట కొడుతున్నాయని అగ్గిపెట్టెల తయారీదారులు సంఘంగా వెళ్లి మొరపెట్టుకుంటే, 20 రూపాయల లోపు లైటర్ల దిగుమతిని కేంద్రం 2023లో నిషేధించింది. కోడు తానే రాసే యంత్రం లైటరు కన్నా చవకగా వచ్చిపడుతున్నా ఇంజినీర్లలో అధికులు అలా వెళ్లరు. ఐటీ ఉద్యోగులు కూడా సంఘం పెట్టుకోవచ్చని తమిళనాడు ప్రభుత్వం 2016లోనే తేల్చిచెప్పింది గాని, సంఘాలు కార్మికులకు కదా, వీరి గుర్తింపు కార్డు మీద ‘అసోసియేట్’ అని ఉంటుంది.